మా ఇంటి ఆకుపచ్చ చుక్క

మా వీధిలో ముప్పై ఎనిమిది ఇళ్లు, ముప్పై ఎనిమిది బావులు. ఎవరి పెరటి బావి వాళ్లకి అమృతం. పక్కింటి బావి మీద మాత్రం అందరికీ అనుమానమే. ఆ ఎండాకాలం నా ఉద్యోగం ఏమిటంటే ఇంటింటికీ వెళ్లి, ఆ అమృతాన్ని అర లీటరు సీసాలో పట్టుకుని ల్యాబ్‌కి తీసుకెళ్లడం.

నేను చదివింది కంప్యూటర్లు. దొరికింది నీళ్లు. కొత్తగా పెట్టిన నీటి పరీక్షల ల్యాబ్‌లో మూడు నెలల పని. ల్యాబ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక మేడమ్, ఒక మిషను, ఒక ఫ్రిజ్, నేను. నీళ్లలో నైట్రేట్ ఎంతుందో మిషను చెబుతుంది. ఆ అంకెలు తీసుకుని వీధి మ్యాపు మీద రంగు చుక్కలు పెట్టే ప్రోగ్రాం నేను రాశాను. నలభై ఐదు దాటితే ఎరుపు, ఇరవై దాటితే పసుపు, అంతకన్నా తక్కువైతే ఆకుపచ్చ. రాయడానికి రెండు రోజులు పట్టింది. రాశాక దాన్ని చూసుకుని మురిసిపోవడానికి వారం పట్టింది.

చిక్కల్లా సీసాలతోనే.

"ఏం, మా నీళ్లకేం రోగం?" అన్నారు కొందరు.

"మా అత్తగారికి ఎనభై ఏళ్లు, ఈ నీళ్లే తాగుతోంది. కావాలంటే ఆవిడని పరీక్ష చేసుకో," అందొకావిడ. ఆ అత్తగారు వెనక నుంచి, "నేను ఖాళీగానే ఉన్నానమ్మా," అంది.

ఇంకొకాయన సీసా నా చేతిలోనే పెట్టేసి, "ముందు మీ నాన్న బావి సంగతి తేల్చుకో. ఆయనది బాగుంటే మాదీ బాగున్నట్టే. అన్నీ ఆయన తవ్వినవేగా," అన్నాడు.

నిజమే. మా నాన్న బావుల మేస్త్రి. వీధిలో ఏ గట్టు మీద కాలు పెట్టినా అది ఆయన కట్టిందే. మా పెరట్లోది మాత్రం ప్రత్యేకం. నలభై రెండు అడుగులు, పెళ్లయిన ఏడాది సొంతంగా తవ్వుకున్నాడు. నీళ్లు తియ్యగా ఉంటాయని ఎండాకాలం వచ్చేసరికి సగం వీధి మా ఇంటి ముందుకి బిందెలు పట్టుకొస్తుంది. వాళ్ల కోసం ప్రహరీ గోడ బయటికి ఒక కుళాయి కూడా పెట్టించాడు. పొద్దున్నే ఆ కుళాయి దగ్గర ఎవరైనా "నీళ్లంటే మేస్త్రి గారి నీళ్లే" అంటే చాలు, ఆ రోజు నాన్న రెండో టీ తాగడు. ఆ మాటతోనే కడుపు నిండిపోతుంది.

ఆ నీళ్లు తాగని మనిషి మా ఇంట్లో ఒక్కతే ఉంది. దానికి అప్పటికి రెండు నెలలు. మా అన్నయ్య కూతురు. గుండ్రంగా, పచ్చగా, ఎటు తిప్పితే అటు దొర్లిపోయేలా ఉంటుందని బఠానీ అని పేరు పెట్టాను. అన్నయ్య వారానికి ఆరు రోజులు లారీ మీదే. వదిన లెక్కల టీచరు, పురిటి సెలవులో ఉంది. పాలు చాలడం లేదని డాక్టరు పాలపొడి రాసి, వెళ్లేటప్పుడు ఒక మాట అన్నాడట: "బావి నీళ్లయితే పరీక్ష చేయించాకే కలపండి. అప్పటిదాకా క్యాన్ నీళ్లు వాడండి."

ఆ మాట నాన్నకి గొంతులో ముల్లులా గుచ్చుకుంది.

"నా మనవరాలికి నా బావి నీళ్లు పనికిరావా?" అని క్యాన్ వచ్చిన ప్రతిసారీ అడిగేవాడు. ఎవరిని అడిగేవాడంటే, క్యాన్‌ని.

"పనికిరావని కాదు మామయ్య గారూ, పరీక్ష చేయించమన్నారంతే," అనేది వదిన.

"బంగారాన్ని పరీక్ష చేయించమన్నట్టుంది."

"బంగారాన్నే కదండీ పరీక్ష చేయించేది," అంది వదిన. లెక్కల టీచరుతో వాదన పెట్టుకోకూడదని నాన్నకి ఇంకా తెలిసిరాలేదు.

నేను బతిమాలి, బామాలి, ఒక ఇంట్లో పిల్లాడి ఫోను కూడా బాగుచేసిపెట్టి ఇరవై ఇళ్ల నుంచి సీసాలు నింపించుకున్నాను. ఇరవై ఒకటోది మాది. మనిల్లే కదా, ఎక్కడికి పోతుందిలే అని అమ్మ చేతికి ఖాళీ సీసా ఇచ్చి, "మధ్యాహ్నం వస్తా, కుళాయి కింద పట్టి ఉంచు," అని చెప్పి వెళ్లిపోయాను. ఇరవై ఇళ్లలో పక్కన నిలబడి, కుళాయి ఎంతసేపు వదలాలో, మూత ఎలా పట్టుకోవాలో చెప్పినదాన్ని మా ఇంట్లో మాత్రం నిలబడలేదు.

మధ్యాహ్నం వచ్చేసరికి సీసా నిండా నీళ్లు, మూత బిగించి, పైన గుడ్డతో తుడిచి, బల్ల మీద పెళ్లికూతురిలా కూర్చుని ఉంది.

*

ఫలితాలొచ్చిన రోజు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. మిషను అంకెలిచ్చింది, నేను బటన్ నొక్కాను, ఖాళీ మ్యాపు మీద చుక్కలు ఒక్కొక్కటే వెలిగాయి. ఎరుపు. ఎరుపు. పసుపు. ఎరుపు. నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. పద్నాలుగు ఎరుపులు, ఆరు పసుపులు. భయపడాల్సిన విషయమే, కాదనను. కానీ నేను రాసిన ప్రోగ్రాం మొదటిసారి నిజంగా ఏదో చెబుతోంది, అది కూడా నా సొంత వీధి గురించి చెబుతోంది. చివరికి ఇరవై ఒకటో చుక్క వెలిగింది.

ఆకుపచ్చ. మధ్యలో. చుట్టూ ఎరుపు.

నైట్రేట్ సున్నా.

"మేడమ్! మాది సున్నా!" అని అరిచాను.

మేడమ్ కళ్లజోడు పైకి నెట్టుకుని చూసి, "సున్నానా?" అంది. అప్పుడే ఫోను మోగి అటు వెళ్లిపోయింది. ఆ ఫోను మోగకపోతే ఈ కథ అక్కడే ఆగిపోయేదేమో.

నాన్నకి మ్యాపు చూపించాను. ఆయన నా ఫోను రెండు చేతులతో పట్టుకుని, దూరం పెట్టి, దగ్గర పెట్టి, చివరికి గుమ్మం దగ్గర వెలుతుర్లోకి తీసుకెళ్లి చూశాడు.

"ఇది మనదేనా?"

"మనదే."

"ఈ ఎర్రవన్నీ?"

"మిగతా వీధి."

నాన్న ఆ ఆకుపచ్చ చుక్క మీద వేలు పెట్టి ఇంకోసారి చూశాడు. తర్వాత ఫోను నాకు ఇచ్చేసి, మంచం మీద కూర్చుని, చిన్నపిల్లాడిలా ఒకటే నవ్వు. "ఏమే, విన్నావా? సున్నా అట! బళ్లో సున్నా తెచ్చుకుంటే మా నాన్న తన్నేవాడు. ఇప్పుడు చూడు!" అమ్మ వంటింట్లోంచి, "వినిపించిందిలెండి," అంది. ఆ గొంతులో ఏదో తేడా ఉందని నాకు అప్పుడు తట్టలేదు.

ఆ సాయంత్రమే నాన్న క్యాన్ల వాడికి ఫోన్ చేసి రేపటి నుంచి రావద్దన్నాడు. వదిన రిపోర్టు కాగితం అడిగి రెండుసార్లు చదివింది. "సరే, మరిగించే కలుపుతాను," అంది. అదే రోజు ఎదురింటి టైలరమ్మ మా వరండాలోకి వచ్చి కూర్చుంది. వాళ్ల బావి చుక్క ఎరుపు. ఆవిడ మనవడికి మూడు నెలలు.

"మేస్త్రి గారూ, మావాడికి కూడా మీ నీళ్లే పోస్తాను. రోజుకో బిందె చాలు," అంది.

"బిందేమిటమ్మా, పైపు వేయిస్తా!" అన్నాడు నాన్న.

*

నాలుగు రోజులు గడిచాయి. మేడమ్ వార్డు మీటింగులో చూపించడానికి వీధి పట్టిక అచ్చు వేయమంది. వేసి ఇచ్చాను. ఆవిడ పెన్ను పెట్టి ఒక గడి మీద టకటకా కొట్టింది.

"ఈ ఖాళీ ఏంటి?"

ఇరవై ఇళ్లకీ టీడీఎస్ అంకె ఉంది. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంత ఉన్నాయో చెప్పే లెక్క. మీటరు పుల్ల ముంచితే చాలు, వచ్చేస్తుంది. మా ఇంటి వరసలో మాత్రం ఆ గడి ఖాళీ.

"మీటరు తడవనప్పుడు అంకె మరీ తక్కువ వస్తుంది మేడమ్. అలాంటివి పట్టిక పాడు చేస్తున్నాయని, ఇరవై కన్నా తక్కువ వస్తే చూపించకుండా రాశాను."

"రాశావు సరే. వచ్చిన అంకె ఎంత?"

అసలు ఫైలు తెరిచాను. మా ఇంటి వరస వెతికాను.

మూడు.

భూమిలోంచి వచ్చే నీళ్లకి మూడు రాదు. మూడు వందలు వస్తుంది, ఆరు వందలు వస్తుంది, రాయి మంచిదైతే నూటయాభై వస్తుంది. మట్టిలో, రాళ్లలో ఏళ్ల తరబడి నానిన నీళ్లు అంత ఖాళీగా బయటికి రావు. మూడు అంటే ఆ నీళ్లు ఎప్పుడూ నేలని తాకి ఉండవు.

"మీ బావి ఆకాశంలో ఉందా?" అంది మేడమ్.

నాకు నవ్వు రాలేదు. గోడ గడియారం వైపు చూశాను. పదకొండూ నలభై. బఠానీకి పన్నెండుకి పాల సీసా.

ఇంటికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. అమ్మ ఫోను ఎప్పుడూ బియ్యం డబ్బా మీద చార్జింగులో ఉంటుంది. వదిన ఫోను బఠానీ నిద్ర కోసం నోరు మూసుకుని ఉంటుంది. నాన్న నూతిలో ఉంటాడు. మా ఇంట్లో మూడు ఫోన్లున్నాయి గానీ, ఎత్తే మనిషి ఒక్కరూ లేరు. స్ట్రిప్పుల పెట్టె సంచిలో వేసుకుని స్కూటరు తీశాను. నీళ్లలో ముంచితే నైట్రేటుని బట్టి గులాబీ రంగుకి తిరిగే కాగితం పుల్లలవి. మేడమ్ వెనక నుంచి "హెల్మెట్!" అని అరిచింది. వెనక్కొచ్చి హెల్మెట్ తీసుకుని మళ్లీ పరిగెత్తాను. దారిలో రెండు స్పీడు బ్రేకర్లు కనపడలేదు. తగిలాక తెలిశాయి.

ఇంట్లోకి అడుగు పెట్టేసరికి వదిన ఒళ్లో బఠానీ, చేతిలో సీసా. పాలపీక పెదాలకి తగులుతోంది. బఠానీ నోరు పిట్టపిల్లలా తెరిచింది.

"వదినా, ఆపు!"

వదిన ఆపింది. ఎందుకని అడగలేదు, ముందు ఆపింది. అందుకే ఆవిడంటే నాకిష్టం. బఠానీ మాత్రం నోటి దాకా వచ్చింది పోయిందని ఇల్లెగిరిపోయేలా ఏడుపు మొదలెట్టింది. నేను దాని చిన్న చెయ్యి పట్టుకుని గోళ్లు చూశాను. గులాబీ రంగే. పెదాలు చూశాను. అవీ గులాబీ రంగే. నీలం రంగు తిరగలేదు.

"అమ్మా, ఆ రోజు సీసాలో నీళ్లు ఎక్కడివి?"

అమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఎక్కడివంటే... నీళ్లే."

"ఏ నీళ్లు?"

"ఆ పొద్దున కరెంటు పోయి వచ్చిందే, మోటారు వెయ్యగానే కుళాయిలో ఎర్రగా బురద వచ్చింది. ఆ బురద మీ ల్యాబుకి పంపిస్తే మీ మేడమ్ ఏమనుకుంటుంది? మీ నాన్న పరువేం కాను? బయటివాళ్లకి ఇచ్చేది మంచిదే ఇస్తాం కదా."

"మంచివి ఎక్కడివి మరి?"

అమ్మ గరిటెతో షెడ్డు వైపు చూపించింది. నాన్న వ్యాను బ్యాటరీలో పోసే నీళ్ల క్యాన్.

"అమ్మా! అవి బ్యాటరీ నీళ్లు!"

"నాకు చదువొచ్చు. దాని మీద 'అత్యంత శుద్ధమైనది' అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసుంది," అంది అమ్మ. మాట గట్టిగానే మొదలైంది గానీ చివరికొచ్చేసరికి సన్నబడిపోయింది. "సున్నా వచ్చిందన్నప్పుడు చెబుదామనుకున్నాను. మీ నాన్న అంతలా నవ్వుతుంటే నోరు రాలేదు. మన నీళ్లూ బాగానే ఉంటాయిలే అనుకున్నాను."

అమ్మని తిడదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. కానీ అమ్మ ఒక సీసాకి మొహం కడిగి పంపింది. నేను ఒక అంకెకి ముసుగేసి పంపాను. ఇద్దరిదీ ఒకటే ఆలోచన, చూసేవాళ్లకి బాగుండాలని.

"తిట్టుకోవడం తర్వాత," అంది వదిన, బఠానీని భుజాన వేసుకుని ఊపుతూ. "దీనికి ఇప్పుడు దేంతో కలపను? క్యాన్లు వద్దన్నాంగా."

అమ్మ నెమ్మదిగా, "పోనీ ఆ శుద్ధమైన..." అంది.

"అమ్మా!"

"అత్తయ్యా!"

నేను మళ్లీ స్కూటరెక్కాను. క్యాన్ల వాడు నన్ను చూసి, "మీకు సున్నా వచ్చిందన్నారుగా?" అని పళ్లికిలించాడు. క్యాన్ కాళ్ల మధ్య పెట్టుకుని వచ్చేసరికి పన్నెండున్నర. వీధి మొదట్లోకే బఠానీ ఏడుపు వినిపించింది. అంత గట్టిగా ఏడవగలుగుతోందంటే బాగానే ఉందన్నమాట అనుకుని ఆ మోతకి సంబరపడ్డదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

*

నాన్న ఒంటిగంటకి వచ్చాడు, మోచేతుల దాకా బురదతో. చెప్పాను. బ్యాటరీ నీళ్ల సంగతి చెప్పినప్పుడు ఆయన అమ్మ వైపు చూడలేదు. నేను సంచిలోంచి స్ట్రిప్పుల పెట్టె తీశాను. గోడ బయటి కుళాయి తిప్పి, నీళ్లు కాసేపు వదిలి, ఒక స్ట్రిప్పు ముంచి, గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. నిమిషం కాకముందే రంగు వచ్చేసింది. పెట్టె మీదున్న చార్టులో చివరి నుంచి రెండో గడి. చిక్కటి గులాబీ.

"ఎంత?"

"తొంభై దగ్గర."

"ఉండాల్సింది?"

"నలభై ఐదు లోపు."

"ఇంకోటి ముంచు."

ముంచాను. గులాబీ.

"చేదతో తోడిన నీళ్లలో ముంచు."

చేదతో తోడాడు. గులాబీ. బిందెలో, తొట్టిలో, వంటింటి కుండలో. ఏడో స్ట్రిప్పు దగ్గర, "నాన్నా, ఇవి ల్యాబువి," అన్నాను.

నాన్న దోసిలి పట్టి నీళ్లు తాగాడు. పుక్కిలించి చూశాడు. "తియ్యగానే ఉన్నాయే అమ్మాయ్," అన్నాడు. నాతో వాదించినట్టు లేదు. ఆ నీళ్లనే అడిగినట్టుంది.

"నైట్రేట్‌కి రుచి ఉండదు నాన్నా. వాసనా ఉండదు. పెద్దవాళ్లకి చాలా ఏళ్లు తెలియదు కూడా. పసిపిల్లల రక్తంలోకి వెళ్తే అది గాలిని మొయ్యనివ్వదు. పెదాలు, గోళ్లు నీలంగా అయిపోతాయి. మరిగిస్తే పోదు. నీళ్లు ఆవిరై ఇది ఇంకా చిక్కబడుతుంది."

లోపలి నుంచి వదిన, "నేను పది నిమిషాలు మరిగించాను రోజూ," అంది. అంతే అంది.

నాన్న కుళాయి కట్టేసి, ఎదురింటి వైపు చూశాడు. టైలరమ్మ ఇంట్లో మిషను చప్పుడు వినిపిస్తోంది. నేను వెళ్తానన్నాను. వద్దన్నట్టు చెయ్యి ఊపి, ఆ బురద చేతులతోనే రోడ్డు దాటాడు. మిషను చప్పుడు ఆగింది. కాసేపటికి టైలరమ్మ మనవడిని ఎత్తుకుని పరుగులాంటి నడకతో బయటికి వచ్చింది. వెనక నాన్న, వ్యాను తాళాలు తీస్తూ.

"మేస్త్రి గారూ, పైపు వేయిస్తానన్నారు!" అని ఆవిడ అంటూనే ఉంది.

"అన్నానమ్మా. ఎక్కండి ముందు."

ఇద్దరు పిల్లల్నీ అదే వ్యానులో ఆసుపత్రికి తీసుకెళ్లాం. బఠానీ దారి పొడుగునా నిద్రపోయింది, టైలరమ్మ మనవడు నాన్న జుట్టు పీకుతూ కూర్చున్నాడు. డాక్టరు వేళ్లకి క్లిప్పులు పెట్టి చూశాడు, రక్తం తీసి చూశాడు. ఇద్దరూ బాగున్నారన్నాడు. "నాలుగు రోజుల్లో కనిపెట్టారు కాబట్టి సరిపోయింది. నాలుగు వారాలైతే మనం ఇలా కూర్చుని మాట్లాడుకునేవాళ్లం కాదు," అన్నాడు. టైలరమ్మ అప్పుడు ఏడిచింది. వదిన మాత్రం డాక్టరుని ఇంకో మూడు ప్రశ్నలడిగి, జవాబులు కాగితం మీద రాసుకుంది.

ఇంటికొచ్చాక నాన్న మ్యాపు అడిగాడు. ఫోనులో కాదు, కాగితం మీద. అచ్చు వేసిన కాగితం బల్ల మీద పరిచాను. చెవి మీది పెన్సిలు తీసి, ఒక్కో ఎర్ర చుక్క పక్కనే చిన్న చదరం గీయడం మొదలుపెట్టాడు. ఇక్కడొకటి. ఇక్కడొకటి. చేతికి తడుముకోవడమే లేదు. పసుపు చుక్కల దగ్గర చదరాలు కొంచెం దూరంగా పడ్డాయి. మా ఆకుపచ్చ చుక్క పక్కన కూడా ఒకటి గీశాడు, ఆనుకునేలా.

"ఏంటివి?" అన్నాను.

"మరుగుదొడ్ల పిట్లు."

"నీకెలా తెలుసు?"

"ఇవీ నేనే తవ్వాను," అన్నాడు నాన్న. "స్థలం లేదు మేస్త్రీ, బావి పక్కనే తవ్వెయ్యి అనేవాళ్లు. పదడుగులుంది కదా, చాలులే అనుకునేవాణ్ని. బావి తవ్వేవాడు కిందికే చూస్తాడు. పిట్టులోని మురుగు నీళ్లు పక్కకి కూడా నడుస్తాయని నాకెవరూ చెప్పలేదు." పెన్సిలు మళ్లీ చెవి మీద పెట్టుకుంటూ, "నేనూ అడగలేదు," అన్నాడు.

అమ్మ మంచినీళ్ల గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది. క్యాన్ నీళ్లు. నాన్న గ్లాసు ఖాళీ చేశాడు.

*

మర్నాడు పొద్దున్న ఆరున్నరకే కుళాయి దగ్గర పదిమంది, బిందెలతో. నాన్న స్పానర్ పట్టుకుని బయటికి వెళ్లాడు. నేను వరండాలో పళ్లు తోముకుంటూ ఆగిపోయాను.

"ఈ నీళ్లు తాగకండి," అన్నాడు నాన్న. "స్నానాలకి, బట్టలకి అంటే మీ ఇష్టం. పసిపిల్లలకి చుక్క కూడా పొయ్యొద్దు. కడుపుతో ఉన్నవాళ్లు కూడా ముట్టొద్దు."

"అదేంటి మేస్త్రీ? మొన్నటిదాకా సున్నా సున్నా అని గంతులేశావుగా!"

"మొన్న తప్పు చెప్పాను."

"తప్పంటే?"

"ఆ సీసాలో మా బావి నీళ్లు లేవు. అసలు నీళ్లు మా అమ్మాయి నిన్న చూసింది. తొంభై. ఇప్పటిదాకా చూసినవాటిలో అందరికన్నా ఎక్కువ మాదే."

అమ్మ నా వెనక గోడకి అంటుకుపోయి నిలబడింది, తన పేరు వస్తుందేమోనని. రాలేదు. అప్పుడే కాదు, ఆ తర్వాత కూడా నాన్న ఎవరి దగ్గరా ఆ పేరు ఎత్తలేదు.

స్పానర్ పెట్టి కుళాయి తల ఊడదీసి జేబులో వేసుకున్నాడు. ఎవరో వెనక నుంచి కిసుక్కుమన్నారు. ఒకాయన "మేస్త్రి బావే అలా ఉంటే ఇంక మాదేం చెప్పాలి," అన్నాడు. వెక్కిరింపుగానే అన్నాడు. కానీ అన్నాక ఆయనే ఆలోచనలో పడ్డాడు. నాకు సీసా తిరిగిచ్చేసి, మీ నాన్న సంగతి చూసుకో అన్న మనిషి ఆయనే.

నా వైపు తిరిగి, "అమ్మాయ్, ఆ సీసాలు ఇంకా ఉన్నాయా?" అని అడిగాడు.

పళ్లు తోముకునే బ్రష్షు నోట్లోనే పెట్టుకుని లోపలికి పరిగెత్తాను. మిగిలిన పదిహేడు ఇళ్లూ రెండు రోజుల్లో సీసాలిచ్చేశాయి. ఇన్నాళ్లూ వాళ్లకి అడ్డుపడింది భయం కాదు, మేస్త్రి బావి ముందు తమ బావి తక్కువైపోతుందన్న మొహమాటం. ఇప్పుడు అందరికన్నా తక్కువ మాదే కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. ఈసారి ప్రతి సీసా నేనే దగ్గరుండి పట్టించాను. మా ఇంటిది నాన్న పట్టాడు, అమ్మ మూత పెట్టింది. నేను ప్రోగ్రాంలో ఆ ముసుగు లైను చెరిపేశాను. ఏ అంకె వస్తే ఆ అంకె.

మళ్లీ బటన్ నొక్కాను. మా చుక్క ఎర్రగా వెలిగింది. దాని చుట్టూ పన్నెండు కొత్త ఎరుపులు, నాలుగు పసుపులు. వీధి పైకెక్కే చివర, గట్టు మీద, ఒకే ఒక్క ఆకుపచ్చ.

అది క్షౌరశాల అన్నది. ఆయన బావి నీళ్ల గురించి వీధిలో చెప్పుకోని జోకు లేదు. సబ్బు నురగ రాదు, గిన్నెల అడుగున తెల్లగా సున్నం కడుతుంది, నోట్లో పోసుకుంటే చప్పగా గచ్చు నాకినట్టుంటుంది. ఆ నీళ్లతో తల కడిగించుకుంటే ఉన్న నాలుగు వెంట్రుకలూ పోతాయని గొడవపడి వేరే చోటికి పోయేవాళ్లు. టీడీఎస్ ఆరు వందల పది. నైట్రేట్ ఆరు. ఆయన పిట్టు వీధికి పల్లం వైపు, నూటపది అడుగుల దూరంలో ఉంది. "మా నాన్నకి ఆ వాసన పడేది కాదు, అంత దూరంలో తవ్వించాడు," అన్నాడాయన. అంతే కారణం.

మేడమ్ ఆ నీళ్లని ఇంకో ఐదు రకాల పరీక్షలు చేయించింది, క్రిములది కూడా. అన్నీ బాగానే వచ్చాయి. రిపోర్టు ఇచ్చిన రోజు ఆయన దాన్ని అద్దం పక్కన గోడకి అంటించి, షాపులో కూర్చున్న ప్రతి తలనీ అటు తిప్పి మరీ చదివించాడు.

వదిన ఒక స్టీలు క్యాన్ కడిగి ఇచ్చింది. నేను తెస్తానన్నాను. నాన్న తనే తీసుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఎవరింటి నీళ్లూ అడగని మనిషి వీధి చివర దాకా నడిచి, షాపు ముందు బెంచీ మీద కూర్చున్నాడు. నేను వెనకే ఉన్నాను. క్షౌరశాల అన్న ఒకరికి గడ్డం గీస్తూ, అద్దంలోంచే ఆయన్ని చూశాడు.

"ఏం మేస్త్రీ, తలకా, గడ్డానికా?"

"నీళ్లకి."

"ఎవరికి?"

"మనవరాలికి."

కత్తి ఆగింది. ఎన్నేళ్ల జోకులకో బదులు చెప్పే అవకాశం. సగం గడ్డంతో ఉన్న మనిషి కూడా వినడానికి తల తిప్పాడు. అన్న కత్తి తుడిచి పక్కన పెట్టి, "చేద నేను తోడతాను, మీ నడుము జాగ్రత్త," అని క్యాన్ అందుకున్నాడు. నిండాక ఇస్తూ, "పాపకి జుట్టు రాకపోతే నన్ను అడక్కండి," అన్నాడు. నాన్న నవ్వాడు. వారం తర్వాత అదే మొదటి నవ్వు.

ఇంటికొచ్చాక వదిన నీళ్లు మరిగించి, చల్లార్చి, పాలపొడి కలిపి, చుక్క మణికట్టు మీద వేసుకుని చూసి, సీసా నాన్న చేతికిచ్చింది. ఆయనకి పసిపిల్లల్ని పట్టుకోవడం సరిగ్గా రాదు. బఠానీని ఇటుక పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. అది పట్టించుకోలేదు. ఆపకుండా, చిన్న చిన్న గుటకలతో, నుదురు చిట్లించుకుని, మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి మాత్రం ఆగుతూ తాగింది. సీసాలో పాలు కిందికి దిగుతుంటే నలుగురం దాన్నే చూస్తున్నాం.

ఖాళీ అయ్యాక నాన్న సీసా నాకిచ్చాడు. బఠానీ మాత్రం ఇంకా భుజం మీదే ఉంది.

"అమ్మాయ్," అన్నాడు, దాని వీపు తట్టుతూ, "మన వీధిలోవి కాక చుట్టుపక్కల నేను తవ్వినవి ఇంకా నూట పన్నెండు బావులున్నాయి. పిట్లు ఎక్కడెక్కడ తవ్వానో కూడా అన్నీ గుర్తున్నాయి. వ్యాను ఉంది. రేపు ఏ వైపు నుంచి మొదలుపెడదాం?"

ల్యాబులో ఖాళీ సీసాలు అరవైయే ఉన్నాయి. మేడమ్‌కి ఫోన్ చేశాను.